ఓటర్ కార్డు గురించి అపోహలు - వాస్తవాలు (ఎలక్షన్ డ్యూటీ చేసే టీచర్ మాటల్లో)

నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. ఎలక్షన్ డ్యూటీలు చాలానే చేశా, మొదట్లో ఓపీవోగా (బూత్‌లో సాయం చేసే పోలింగ్ ఆఫీసర్), తర్వాత పీవోగా (బూత్ మొత్తానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసర్). గంటలకొద్దీ ఎండలో నిలబడి లోపలికొచ్చిన మనిషి కార్డు గొడవతో ఓటెయ్యకుండా వెనక్కెళ్తుంటే మనసు చివుక్కుమంటుంది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: చేతిలో ఓటర్ కార్డు ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే.

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. ఓటు ఇచ్చేది ఓటర్ల లిస్టు, కార్డు కాదు. లిస్టులో ఉన్న ఆ పేరు మీదేనని చూపించడమే కార్డు పని, అంతకుమించి దానికి బలం లేదు. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కార్డులు పట్టుకొచ్చి లిస్టులో పేరు లేక తిరిగెళ్ళినవాళ్ళు ఎంతోమంది, బ్యాడ్మింటన్ ప్లేయర్ గుత్తా జ్వాల కూడా ఆరోజు తన పేరు లేదని బయటకి చెప్పారు. పోలింగ్ రోజు మా టేబుల్ ముందుకొచ్చి ఎంత బతిమాలినా మేం చేయగలిగింది ఏమీ ఉండదు, ఎందుకంటే నామినేషన్ల చివరి తేదీ దాటాక పేరు చేర్చడానికి చట్టమే ఒప్పుకోదు. అందుకే నెలల ముందే ఎన్నికల సంఘం యాప్‌లోనో, 1950కి ఫోన్ చేసో, లేదంటే మీ బీఎల్వోని (మీ బూత్ ఓటర్ల లిస్టు చూసుకునే ఆఫీసర్) అడిగో చూసుకోండి.

దీనికి తోడు ప్రతి ఎలక్షన్‌కీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది, లిస్టులో పేరు లేకపోతే ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద చాలెంజ్ ఓటు అడగండి, 14 శాతం టెండర్ ఓట్లు దాటితే రీపోలింగ్ పెడతారు అని. మొత్తం అబద్ధం. 49ఏ అనేది ఈవీఎం ఎలా తయారుచెయ్యాలో చెప్పే రూలు, 14 శాతం అనే లెక్క అసలు ఎక్కడా లేదు. చాలెంజ్ అంటే వచ్చినవాడు దొంగ ఓటరని బూత్‌లో కూర్చునే అభ్యర్థి తరఫు ఏజెంట్ అభ్యంతరం చెప్పడం, దానికి 2 రూపాయలు కట్టాలి, పీవో అక్కడికక్కడే విచారించి తేలుస్తాడు. టెండర్ ఓటు వేరే సంగతి. మీ పేరు మీద ముందే ఎవరో వేసేసి వెళ్ళిపోతే, మీరే అసలు మనిషని తేలాక 49పీ రూలు కింద కాగితం బ్యాలెట్ ఇస్తాం. దాన్ని ఈవీఎంలో వెయ్యరు, కవర్లో పెట్టి విడిగా సీల్ చేస్తాం.

అపోహ: ఓటర్ కార్డు పోయింది, ఇక ఓటు లేనట్టే.

ఉంది. 2024 ఎలక్షన్లలో ఓటర్ కార్డు బదులు 12 రకాలు ఒప్పుకున్నారు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్స్, పాన్, పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న పెన్షన్ కాగితం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, ఇలా. ఒకసారి ఒక పెద్దావిడ చీరకొంగులో మూటకట్టుకుని నలిగిపోయిన జాబ్ కార్డు తెచ్చింది, "ఇదొక్కటే ఉంది బాబూ" అంటూ. ఏజెంట్ చెల్లదన్నాడు. ఎన్నికల సంఘం మాకిచ్చే రూల్స్ హ్యాండ్‌బుక్ తీసి అతనికే చదివి వినిపించా, ఆవిడ ఓటేసి వెళ్ళింది.

అయితే ఫోన్‌లో ఫోటో ఉంది చూపిస్తా అనుకోకండి, బూత్‌లోకి ఫోన్ తేనివ్వరు. ఇంటింటికీ పంచే ఓటర్ స్లిప్ కూడా 2019 నుంచి గుర్తింపుగా చెల్లట్లేదు, అది సీరియల్ నంబర్ వెతుక్కోడానికే. ఇది తెలియక స్లిప్ ఒక్కటే పట్టుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: కార్డులో స్పెల్లింగ్ తప్పుంటే పంపించేస్తారు.

లిస్టులో వెంకటలక్ష్మి, కార్డులో వెంకట లచ్చిమి, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, ఇలాంటివి పట్టించుకోవద్దని మాకు ఇచ్చే ఆదేశాల్లోనే ఉంది, మనిషెవరో తెలిస్తే చాలు. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డైనా సరే పేరు ఈ బూత్ లిస్టులో ఉంటే చెల్లుతుంది. ఫోటో అసలు పోలికే లేకపోతే మాత్రం ఇంకో కార్డు అడుగుతాం.

అపోహ: ఏఎస్‌డీ లిస్టులో పేరుంటే ఓటు పోయినట్టే.

ఊళ్ళో లేరు, ఇల్లు మారారు, చనిపోయారు అని ముందే గుర్తుపెట్టిన పేర్ల లిస్టు అది. ఆ మనిషే ఎదురుగా వచ్చి నిలబడితే ఆపడానికి లేదు. పీవో స్వయంగా గుర్తింపు చూసి సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుని పంపాలి. కొత్తగా డ్యూటీకి వచ్చే తోటి టీచర్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, బతికున్న మనిషికి నువ్వు చచ్చిపోయావని చెప్పి పంపడం కన్నా ఘోరం ఇంకోటి లేదు.

ఆధార్ లింక్ చెయ్యకపోతే ఓటు తీసేస్తారనేది కూడా తప్పే, ఆధార్ నంబర్ తప్పనిసరి కాదని 2023లో సుప్రీంకోర్టులోనే ఎన్నికల సంఘం చెప్పింది. ఇక గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఫారం 6ఏ తో ఓవర్సీస్ ఓటరుగా నమోదైనవాళ్ళకి మాత్రం ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఒక్కటే గుర్తింపు, వేరేదేదీ నడవదు.

కార్డు మర్చిపోయి వస్తే ఇంటికెళ్ళి తెచ్చుకోండి, కానీ పోలింగ్ టైం అయిపోయేలోపు మళ్ళీ లైన్లోకి రావాలి. ఆ టైంకి లైన్లో ఉన్నవాళ్ళందరికీ చివరి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టి పీవో సంతకం చేసిన చీటీలు పంచుతాం, ఆ చీటీ ఉంటే ఎంత రాత్రయినా ఓటు వేయిస్తాం.