ఖరీదైన హెడ్‌ఫోన్లు: మెటల్, చెక్క, ప్లాస్టిక్ గురించి అపోహలు - వాస్తవాలు

నా పని హెడ్‌ఫోన్ల రిపేరు. బల్ల మీదికి వచ్చేవాటిలో లక్ష రూపాయలు దాటినవీ ఉంటాయి. వాటిలో డ్రైవర్, అంటే ధ్వని పుట్టించే భాగం, పోయి వచ్చేవి తక్కువే. విరిగిన కీలు, వదులైన సాకెట్, పొట్టు లేచిన ప్యాడ్ (చెవి చుట్టూ ఆనే మెత్త), పట్టు వదిలేసిన జిగురు, ఎక్కువగా ఇవే. కొనేటప్పుడు మాత్రం అందరి చూపూ చెవి మీద కూర్చునే కప్పు మీదే ఉంటుంది. కదిలే చోట, అరిగే చోట, ఊడదీసే చోట ఏం వాడారో చూసేవాళ్లు అరుదు. పనితనం తెలిసేది అక్కడే.

అపోహ: ఇంత డబ్బు తీసుకుని ప్లాస్టిక్ ఇచ్చారంటే మోసమే.

వాస్తవం: ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. సెన్‌హైజర్ 2009లో తెచ్చిన హెచ్‌డీ 800 అప్పట్లో వాళ్ల అత్యున్నత మోడల్. దాని ఒంట్లో ఎక్కువ భాగం లియోనా అనే నైలాన్ జాతి ప్లాస్టిక్. పలచటి అల్యూమినియం రేకును వేలితో కొడితే ఖంగుమంటుంది. మంచి ప్లాస్టిక్ ఆ కంపనాన్ని తనలోనే అణిచేస్తుంది. చెవి పక్కన ఉండే వస్తువుకు ఇది పెద్ద గుణం.

అదే కంపెనీ 1997లో తెచ్చిన హెచ్‌డీ 600 కూడా చాలావరకు ప్లాస్టిక్కే. కేబుల్ లేకుండా 260 గ్రాములు. కేబుల్, ప్యాడ్లు, బయటి జాలీలు చేత్తోనే ఊడి వస్తాయి. ఆ ఏడాది కొన్నదానికి ఇవాళ దొరికే ప్యాడ్లు చక్కగా కూర్చుంటాయి. దాన్ని విప్పిన ప్రతిసారీ ఆ డిజైన్ చేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

ప్లాస్టిక్‌లో నేను చూసేది స్క్రూ పట్టే చోటు. అక్కడ చిన్న ఇత్తడి బుష్ (లోపల మర ఉన్న గొట్టం) కూర్చోబెట్టి ఉంటే ఎన్నిసార్లు విప్పి బిగించినా మర చెడదు. స్క్రూ నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగితే రెండు మూడు సార్లకే మర అరిగిపోతుంది. బలంగా బిగిస్తే స్క్రూ దిగే ప్లాస్టిక్ స్తంభమే నిలువునా చీలుతుంది. బయటికి కనబడని ఈ బుష్‌కు పెట్టే ఖర్చు కొద్దిపాటిదే. అయినా అది లేని ఖరీదైన సెట్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

అపోహ: బరువుగా ఉంటే గట్టిది.

వాస్తవం: ఏ మెటల్, ఎలా చేశారు అన్నది ముఖ్యం. కప్పును పట్టుకుని ఉండే కొమ్మును యోక్ అంటాం. దాన్ని జింక్ మిశ్రమంతో పోత పోస్తే చేతికి బరువుగా, ఖరీదుగా తగులుతుంది. కానీ కిందపడితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన చోట చూస్తే బూడిదరంగు గరుకు, మధ్యలో సూది మొనంత గాలి బుడగలు. దాన్ని అతికించి మళ్లీ బరువు మోయించడం దాదాపు కుదరని పని. స్ప్రింగ్ స్టీల్ పట్టీ అయితే బాగా లాగినా తన ఆకారానికి తిరిగి వస్తుంది.

పైగా బరువు మోసేది మెడ. ఆడిజీ కంపెనీ హెడ్‌ఫోన్ ఎల్‌సీడీ-4 సుమారు 700 గ్రాములు. 2021లో వచ్చిన ఎల్‌సీడీ-5 420 గ్రాములే. డ్రైవర్ వ్యాసం 106 మిల్లీమీటర్ల నుంచి 90కి తగ్గించారు, మెగ్నీషియం, కార్బన్ ఫైబర్ వాడారు. బరువు తగ్గినా ధర పెరిగింది. గట్టితనం పోకుండా తేలిక చేయడమే కష్టమైన ఇంజనీరింగ్, డబ్బు పెట్టాల్సింది దానికే.

అపోహ: చెక్క ఉంటే ధ్వని మధురంగా ఉంటుంది.

వాస్తవం: కప్పు మూసి ఉందా, తెరిచి ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మూసిన కప్పులో డ్రైవర్ వెనక్కి తోసిన గాలి గోడకు తగిలి తిరిగి వస్తుంది. అక్కడ గోడ ఆకారం, మందం, లోపలి దూది అన్నీ వినబడతాయి. సోనీ 1989లో తెచ్చిన ఎండీఆర్-ఆర్10 కప్పుల్ని జెల్కోవా చెక్కలో చెక్కడం అందుకే సార్థకం. వెనక జాలీ ఉన్న హెడ్‌ఫోన్‌కు చుట్టూ వేసిన చెక్క రింగు ప్రధానంగా అందం కోసమే. అందం కోసం కొనుక్కోండి, తప్పేం లేదు. స్వరం కోసమైతే ఆ రింగుకు అదనంగా ఇవ్వకండి.

అపోహ: ప్యాడ్లు కేవలం మెత్తదనానికే, ఏవి వేసినా ఒకటే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ప్రోటీన్ లెదర్ అని అమ్మేది చాలావరకు గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. గాలిలో తేమ ఆ పూత అణువుల్ని తెంపేస్తుంది. వాడకుండా బీరువాలో పెట్టినా ఆగదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మరీ త్వరగా జరుగుతుంది. మొదట జిడ్డుగా తగులుతుంది, తర్వాత నల్లటి పొట్టు చెవులకు అంటుకుంటుంది. తలనూనె, చెమట తోడైతే ఇంకా వేగం.

లోపలి ఫోమ్ అణిగిపోతే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది. పూత చిరిగితే గాలి లీకై బేస్ తగ్గుతుంది. అప్పుడు చాలామంది డ్రైవర్ పోయిందనుకుని తెస్తారు. కంపెనీ ప్యాడ్లు వేయగానే పాత స్వరం వచ్చేస్తుంది. మందం, లోపలి రంధ్రం వేరేగా ఉన్న చవక ప్యాడ్లు వేస్తే ఆ డిజైన్ లెక్క మొత్తం మారిపోతుంది. వెల్వెట్ లాంటి గుడ్డ ప్యాడ్లు మన ఎండలకు హాయిగా ఉంటాయి. కానీ లెదర్ ప్యాడ్‌కు ట్యూన్ చేసిన సెట్‌కు అవి వేస్తే బేస్ పలచబడుతుంది.

అపోహ: వెండి కేబుల్ వేస్తే ధ్వని విచ్చుకుంటుంది.

వాస్తవం: వెండికి రాగి కంటే విద్యుత్ వాహకత సుమారు 6 శాతమే ఎక్కువ. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ముందు రెండు మూడు మీటర్ల మంచి తీగ నిరోధం లెక్కలోకి రాదు. కేబుల్‌లో చూడాల్సింది అది ఊడదీసి మార్చుకునేదా, ప్లగ్ మెడ దగ్గర మెత్తటి రబ్బరు తొడుగు ఉందా అని. తీగ తెగేది ఎక్కువగా ఆ మెడ దగ్గరే.

అపోహ: ఖరీదైనదానికి స్పేర్ పార్టుల అవసరం రాదు.

వాస్తవం: ప్యాడ్లు, కేబుల్ ఎలాగూ మార్చాల్సినవే. కొనేముందు వాటి ధర ఎంత, విడిగా దొరుకుతాయా అని అడగండి. హెడ్‌బ్యాండ్, యోక్ విడిగా అమ్ముతారో లేదో కూడా అడగండి. షాపులో సెట్ చేతికిస్తే కప్పును నెమ్మదిగా అన్ని వైపులా తిప్పి, కీలు దగ్గర కిర్రుమంటుందేమో వినండి. సైజు సర్దే పట్టీ రెండు వైపులా ఒకే బిగువుతో జారుతోందో లేదో చూడండి. స్క్రూలు కనబడుతున్నాయంటే చులకనగా చూడకండి, అవి ఉన్న సెట్‌ను నేను తెరవగలను. జిగురుతో మూసేసినదాన్ని తెరవాలంటే చాలాసార్లు కప్పు అంచు చెడగొట్టక తప్పదు.