ఎం.పి.హెచ్. పట్టా ఉంది, పోస్టు ఏది?

గుంటూరు, విజయవాడల్లో బి.డి.ఎస్., ఫిజియోథెరపీ, నర్సింగ్ పూర్తిచేసి రెండేళ్ల ఎం.పి.హెచ్. (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యంలో పీజీ)లో చేరేవాళ్లున్నారు. చదువయ్యాక ప్రభుత్వంలో వాళ్లకు దొరికేది చాలావరకు జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు ఉద్యోగమే. దీని వెనక పాత చరిత్ర ఉంది.

ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. మంచినీళ్లు, మురుగు, అంటువ్యాధుల బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టి, చూసుకోవడానికి హెల్త్ ఆఫీసర్‌ను నియమించమంది. ఆ ఆఫీసర్ డాక్టరే. 1953లో ఆంధ్ర విడిపోయినా చట్టం మనతోనే వచ్చింది. తమిళనాడు మాత్రం ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్‌ను (శాశ్వత ఉద్యోగుల శ్రేణిని) గట్టిగా నిలబెట్టుకుంది. మన దగ్గర పీహెచ్‌సీ డాక్టరు ఓపీ చూస్తూనే క్లోరినేషన్, టీకాలు, జ్వరాల సర్వే అన్నీ మోయాలి. ప్రజారోగ్యం ఒక వృత్తిగా స్థిరపడకపోవడానికి అసలు కారణం ఇదేనని మా అభిప్రాయం.

1994 సూరత్ ప్లేగు తర్వాత వ్యాధుల నిఘా వ్యవస్థ మీద కేంద్రం దృష్టి పడింది. 2004లో ఐ.డి.ఎస్.పి. (సమగ్ర వ్యాధి నిఘా ప్రాజెక్టు) మొదలై జిల్లా నిఘా విభాగాల్లో ఎపిడెమియాలజిస్ట్ (వ్యాధి ఎలా వ్యాపిస్తోందో పరిశీలించే నిపుణుడు), డేటా మేనేజర్ పోస్టులు వచ్చాయి. 2005లో, తర్వాత జాతీయ ఆరోగ్య మిషన్‌లో కలిసిన గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రోగ్రామ్ మేనేజర్లను తెచ్చింది. తిరువనంతపురంలో 1997లోనే మొదలైన ఎం.పి.హెచ్. ఆ తర్వాత చాలా విశ్వవిద్యాలయాలకు పాకింది, డాక్టర్లు కానివాళ్లకూ సీట్లిచ్చారు. సర్వీసు నిబంధనలను మాత్రం అందుకు తగ్గట్టు మార్చలేదు.

మిషన్ పోస్టు ఎందుకు నిలకడగా ఉండదంటే, రాష్ట్రం పంపే పి.ఐ.పి. (కార్యక్రమ అమలు ప్రణాళిక)ను కేంద్రం ఆమోదిస్తేనే దానికి డబ్బు. ఖర్చులో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 శాతం. ప్రణాళికలో ఆ పద్దు లేకపోతే పోస్టూ ఉండదు. ఉన్నా పదోన్నతి మెట్లు లేవు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్య నిర్వహణ కేడర్ పెట్టమంది, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. కానీ ఆరోగ్యం రాష్ట్రాల అంశం. రాష్ట్రం పోస్టులు మంజూరు చేసి సర్వీసు నిబంధనలు రాస్తే తప్ప కేడర్ రాదు.

పనికేమో కొదవ లేదు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలింది, మంచినీటి పైపుల్లో మురుగు కలిసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచింది. అలాంటప్పుడు కావాల్సింది రోగుల లైన్ లిస్ట్ (ఒక్కో రోగి వివరాలు ఒక్కో వరుసలో ఉండే పట్టిక) రాసి, ఇళ్లను మ్యాపు మీద గుర్తించి, ఏ పైపులైను వెంట కేసులున్నాయో పట్టుకునే మనిషి. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గితే ఆ లైను ఎక్కడ దెబ్బతిందో వెతికించాలి. లైన్ లిస్టులో రోగలక్షణాలు మొదలైన తేదీ రాయకుండా ఆసుపత్రిలో చేరిన తేదీ రాయడం తరచూ జరిగే పొరపాటు. దాంతో కేసుల గ్రాఫ్ తర్వాతి తేదీలకు జరిగి, నీళ్లు కలుషితమైన రోజు తప్పుగా తేలుతుంది.

చేరబోయేవాళ్లు ముందు పాత నోటిఫికేషన్లు తిరగేయాలి. "ఎం.బి.బి.ఎస్.తో పాటు ఎం.పి.హెచ్." అన్నారా, "ఏదైనా డిగ్రీతో ఎం.పి.హెచ్." అన్నారా అన్నదే కీలకం. దూరవిద్య పట్టా చెల్లుతుందో లేదో కూడా అక్కడే తేలుతుంది. ఎం.పి.హెచ్. చేసిన డాక్టరైనా కమ్యూనిటీ మెడిసిన్ ఎం.డి.తో సమానం కాడు, బోధన పోస్టుకు ఆశపడితే ఇది తెలిసుండాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎన్.ఎ.బి.హెచ్. (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే సంస్థ) క్వాలిటీ విభాగాలు, ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన ప్రాజెక్టులు మిగతా దారులు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది కాబట్టి, డిసర్టేషన్‌కు (కోర్సు చివర రాసే పరిశోధన నివేదికకు) జిల్లా నిఘా విభాగంలో అనుమతి తీసుకుని నిజమైన డేటా మీద పనిచేయడం, ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్), క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడం చదువుకునే రోజుల్లోనే జరిగిపోవాలి.