గోడకి ఉత్తరాన ఉన్న ఊరు

మెరీనా అనగానే మనలో చాలామందికి చెన్నై బీచ్ గుర్తొస్తుంది. నిజానికి మెరీనా అంటే విహార పడవలు, చిన్న బోట్లు ఆగే రేవు. చెన్నైలో ఆ బీచ్ అంత వెడల్పుగా తయారవడానికి కారణమూ రేవు గోడే. 1870ల్లో అక్కడ హార్బరు కట్టడం మొదలయ్యాక దక్షిణం వైపు ఇసుక మేట వేసింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఒడ్డుని కోసుకుంటూ పోయింది.

ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాలపూర్ నుంచి రుషికుల్య నది మొగ దాకా, చేపల వేట మీద బతికే కుటుంబాల్లో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మా తీరంలో రేవు కడతామన్నా, ఉన్న రేవుని పెంచుతామన్నా నేను ముందు అడిగేది ఇసుక గురించే.

నైరుతి గాలుల కాలంలో అల ఒడ్డుకి ఏటవాలుగా వస్తుంది. ఎక్కేటప్పుడు ఇసుకని వాలుగా తోస్తుంది, దిగేటప్పుడు నేరుగా లాక్కుపోతుంది. అలా ప్రతి అలతో ఇసుక కొంచెం కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. ఏడాదికి అది లక్షల ఘనమీటర్లు. పోయినదాని చోటులోకి దక్షిణం నుంచి కొత్త ఇసుక వస్తుంది కాబట్టే బీచ్ ఎప్పుడూ అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో సముద్రంలోకి రాళ్ల గోడ వేస్తే రావలసింది ఆగిపోతుంది, పోవలసింది మాత్రం పోతూనే ఉంటుంది. విశాఖలో పోర్టు దగ్గర తవ్విన ఇసుకని ఆర్కే బీచ్‌కి పంపింగ్ చేయడం ఈ లోటు పూడ్చడానికే. గోడ ఉన్నంతకాలం ఆ ఖర్చు తప్పదు. ప్రాజెక్టు అంచనాలో ఆ ఖర్చు ఎవరి పద్దులో ఉందో చూడాలి.

రేవు లోపల సంగతి వేరు. నీళ్లు పెద్దగా కదలవు, పడవల అడుగుకి పూసిన రంగులోని విషం అక్కడే పేరుకుంటుంది. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో 1970ల చివర్లో ఆల్చిప్పల పిల్లలు బతకలేదు, పెద్దవాటి చిప్పలు వంకర్లు పోయాయి. కారణం పడవల రంగులో కలిపే ట్రైబ్యూటైల్ టిన్ అని తేలింది. 1982లో ఆ దేశం 25 మీటర్లలోపు పడవలకి ఆ రంగుని నిషేధించింది. ఇప్పుడు ఎక్కువగా రాగి కలిపిన రంగులు వాడుతున్నారు. రాగి కూడా మోతాదు మించితే నీటి జీవాలకి విషమే.

ఇవన్నీ పరిశీలించడానికి మనకి చట్టం ఉంది. పర్యావరణ ప్రభావ మదింపుపై 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభకి కలెక్టరు గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. చివర్లో జనం చెప్పిన మాటల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. మా దగ్గర స్థానిక భాష అంటే ఒడియా. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మత్స్యకార మహిళకి ఒడియా కాగితంలోని సాంకేతిక పదాలు ఎంతవరకు అర్థమవుతాయి? తెలుగులో కూడా సారాంశం ఇవ్వడానికి నాలుగు పేజీలు చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కొలతల సంగతి. ఒక్క సీజన్ లెక్కలతో, అదీ వానాకాలం వదిలేసి, పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసే పద్ధతి మన దేశంలో చాలాకాలంగా ఉంది. మా తీరంలో ఇసుక బాగా కదిలేదే వానాకాలంలో! రుషికుల్య దగ్గరి పొడంపేటలో సముద్రం ఇళ్లని మింగేస్తే తెలుగు మత్స్యకారులు ఊరు వదలాల్సి వచ్చింది. నది మొగ కదలడం, తుఫాన్లు, ఇసుక లోటు అన్నీ కలిసి పనిచేసే ఇలాంటి చోట, ముందటి కొలతలు లేకపోతే ఎవరినీ ఏమీ అడగలేం.

అదే ఒడ్డు మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఒడ్డు కోసుకుపోయి నిట్టనిలువు గట్టుగా మారితే తల్లి తాబేలు ఎక్కలేదు. రేవు దీపాలు వెలుగుతుంటే పిల్లలు సముద్రం వైపు కాక ఆ వెలుగు వైపు పాకుతాయి. 2019 తీర నియంత్రణ నిబంధనలు తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లని అత్యంత సున్నితమైన తరగతిలో పెట్టాయి. కానీ ఇసుక కరువు ఆ చోటుకి ఎక్కడో దక్షిణాన మొదలవుతుంది.

అందుకే సభకి గోడ పక్క ఊరినే కాదు, గోడకి ఉత్తరాన ఉన్న ఊళ్లన్నిటినీ పిలవాలి. ఈలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఒడ్డున కదలని గుర్తు ఏదో ఒకటి, గుడి మెట్టయినా సరే, ఎంచుకుని ప్రతి పౌర్ణమికి పోటు గీత దాకా తాడుతో కొలిచి తేదీతో రాసి పెట్టుకోవాలి. ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగేవాళ్లకి ఒడ్డు వెడల్పు ఎంత ఉండాలో ఎలాగూ తెలుసు. రెండు వానాకాలాల అంకెలు ఆ నోటుపుస్తకంలో ఉంటే, సభలో దాన్ని కలెక్టరు ముందు పెట్టొచ్చు.