లక్ష గుడ్ల పీతకు ముసలితనమే రక్ష

తొలకరి పడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొలం గట్లకు కన్నాలు పడతాయి. రాత్రి మడిలో కట్టిన నీరు తెల్లారేసరికి కింది మడిలో ఉంటుంది. తిట్లన్నీ పీతకే. వానకు బయటికొచ్చిన ఆ పీతనే పిల్లలు పట్టి కూరకు తెస్తారు. అది పుట్టి, పెరిగి, పిల్లల్ని కని చచ్చేదాకా ఒక్కసారి కూడా సముద్రం మొహం చూడదు. పీతల జాతిలో ఇది చిన్న సంగతేమీ కాదు.

సముద్రపు పీత గుడ్డు లోంచి వచ్చేది పీత కాదు. పెద్ద కళ్ళతో, తల మీద ముల్లుతో నీళ్ళలో తేలే నలుసు అది. దాన్ని జోయియా అంటారు. అది కొన్నిసార్లు పెంకు వదిలి, మెగలోపా అనే మరో రూపం దాటాకే పీత ఆకారం వస్తుంది. ఇదంతా ఉప్పునీళ్ళలోనే జరగాలి. పొలం పీత ఈ దశలన్నిటినీ గుడ్డులోనే కానిచ్చేస్తుంది. అందుకే దాని గుడ్డు పెద్దది, సొన ఎక్కువ, లెక్క మాత్రం వందల్లోనే. పొదిగాక బయటికి వచ్చేవి బుల్లి పీతలే. కొన్నాళ్ళు తల్లి పొట్ట కింది మడతలోనే ఉండి, తర్వాత దిగిపోతాయి. సంతలో పీతను వెల్లకిలా తిప్పి ఆడదో మగదో చూస్తారే, ఆ మడతే ఇది. ఆడదానికి వెడల్పుగా ఉంటుంది, మగదానికి సన్నగా ఉంటుంది.

గుడ్లు ఎప్పుడు పండాలో చెప్పేది పీత కన్నును మోసే కాడ. అందులోని గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లు అండాశయం పెరగకుండా, పెంకు వదలకుండా ఆపి ఉంచుతాయి. కాలం కలిసొచ్చినప్పుడు ఆ పట్టు సడలుతుంది. ఈ పని తీరును తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మన పొలం పీత మీదే చాలా ఏళ్ళు పరిశోధించారు. రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య కన్ను ఒకటి తీసేసేదీ ఇందుకే. వినడానికి బాగోలేదు గానీ, హేచరీలు చాలాకాలం దాని మీదే నడిచాయి.

ఇక సముద్రంతో బంధం తెంచుకోని పీతల కథ వేరు. కళింగపట్నం, బారువ ఇసుకలో అడుగుల అలికిడికి కన్నంలో దూరే పీతలు కూడా పిల్లల్ని అలల్లోనే వదులుతాయి. వాటి ఇల్లు ఒడ్డునే కాబట్టి ప్రయాణం తక్కువ. క్రిస్మస్ ద్వీపంలోని ఎర్ర పీతకు అంత సుఖం లేదు. జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, ఆస్ట్రేలియా ఏలుబడిలో ఉన్న ఆ ద్వీపం 135 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర ఒక మండలమంత. పీతలు మాత్రం కోట్లలో ఉంటాయి. అవి ఏడాదంతా అడవిలో రాలిన ఆకులు తింటూ బతుకుతాయి. ఊపిరికి వాటి మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకని ఎండాకాలం బొరియ మూతికి ఆకులు అడ్డం పెట్టుకుని లోపలే కూర్చుంటాయి.

అక్టోబరు, నవంబరుల్లో వాన పడితే అన్నీ కదులుతాయి. ముందు మగవి, దారిలో ఆడవి వచ్చి కలుస్తాయి. సముద్రంలో ఒకసారి మునిగి ఒళ్ళు తడుపుకున్నాక, మగవి ఒడ్డుకు దగ్గర్లో బొరియలు తవ్వుతాయి. చోటు కోసం కొట్లాటలు మామూలే. జత కట్టాక మగవి మళ్ళీ ఒకసారి మునిగి ఇంటిదారి పడతాయి. ఆడది ఆ తడి బొరియలోనే పన్నెండు, పదమూడు రోజులు పొట్ట కింద గుడ్లు మోస్తూ ఉంటుంది. ఒక్కోదానికి లక్ష దాకా గుడ్లు. ఆ తర్వాత బహుళ అష్టమి ప్రాంతంలో, తెల్లవారుజామున, పోటు వెనక్కి తిరిగే వేళకు నీటి అంచుకు దిగి గుడ్లు వదులుతుంది. గుడ్డు నీళ్ళు తగలగానే పగులుతుంది.

అష్టమే ఎందుకో మన మత్స్యకారులకు విడమర్చి చెప్పక్కర్లేదు. అమావాస్యకు, పున్నానికి పోటు ఎక్కువ. అష్టమికి పోటుకూ పాటుకూ తేడా బాగా తగ్గుతుంది. రాళ్ళ ఒడ్డున నిలబడి గుడ్లు దులిపే తల్లిని అల కొట్టుకుపోయే ప్రమాదం అప్పుడే తక్కువ. వాన ఆలస్యమై ఈ తిథి దాటిపోతే పీతలు వచ్చే నెల దాకా ఆగుతాయి. పసిఫిక్ వేడెక్కి అక్కడ వానలు తగ్గే ఎల్ నినో ఏడాదుల్లో ప్రయాణం వెనకబడేది అందుకే.

జోయియాలు సముద్రంలో సుమారు నెల రోజులు తేలుతాయి. వాటి కోసం తిమింగల సొరలు ఆ ద్వీపం చుట్టూ చేరతాయి. బతికినవి అయిదు మిల్లీమీటర్ల పీతలై ఒడ్డెక్కాలి. చాలా ఏళ్ళలో ఒక్కటీ రాదు, వచ్చినా అతి కొద్ది. పదేళ్ళకు ఒకటి రెండుసార్లు మాత్రం ఒడ్డంతా ఎర్రబడేలా వస్తాయి. వచ్చిన పిల్ల గుడ్లు పెట్టే వయసుకు చేరడానికి మరో నాలుగైదేళ్ళు పడుతుంది.

లక్ష గుడ్లన్న మాట విన్నవాళ్ళకు ఈ జాతికేం భయమనిపిస్తుంది. నిజానికి దాన్ని నిలబెడుతున్నది ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతికే పెద్ద పీతలు. ఏటా దిగుతాయి, ఏటా వదులుతాయి, ఎనిమిదేళ్ళ పని వృథా అయినా తొమ్మిదో ఏడు ఫలించవచ్చు. గుడ్లు పోతే జాతి తట్టుకుంటుంది. తల్లులు పోతే తట్టుకోలేదు.

1990లలో జరిగింది అదే. మనుషుల ఓడల వెంట ఎప్పుడో వచ్చిన పసుపు పిచ్చి చీమలు ఉన్నట్టుండి పెద్ద పెద్ద దండులు కట్టాయి. ఇవి కుట్టవు. ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, కళ్ళు పోయిన పీత కదల్లేక చస్తుంది. కోటికి పైగా పీతలు పోయాయి. వాటిలో చీమలున్న చోట కాపురం ఉన్నవే కాదు, సముద్రానికి నడిచే దారిలో చిక్కినవీ ఉన్నాయి. పీతలు లేని అడవి నేల మొలకలతో కిక్కిరిసింది, పెద్ద నత్తలు చొరబడ్డాయి.

హెలికాప్టర్ నుంచి విషపు ఎర చల్లారు. పని చేసింది గానీ, చీమలు మళ్ళీ పుట్టుకొచ్చేవి. చీమల బలం చెట్ల రసం పీల్చి తియ్యని ద్రవం కార్చే పొలుసు పురుగుల్లో ఉంది. అందుకని ఆ పురుగుల్లో గుడ్లు పెట్టే రెండు మిల్లీమీటర్ల కందిరీగను మలేషియా నుంచి తెచ్చి, 2016 డిసెంబరులో వదిలారు. చీమను చంపడం కాదు, దాని తిండి గింజ తీసేయడం. ఏటా పీతలు నడిచే రోజుల్లో రోడ్లు మూసేస్తారు, కింద సొరంగాలు, పైన వంతెన కూడా కట్టారు. పర్యాటకులు ఫొటోలు తీసుకునేది ఆ వంతెన దగ్గరే. నా ఓటు మాత్రం కందిరీగకే.

మన దేశంలో ఇలాంటి పీత ఉంది, కొబ్బరి పీత. నాలుగు కిలోల దాకా తూగుతుంది, నేల మీద బతికే సంధిపదుల్లో దీన్ని మించింది లేదు. దక్షిణ సెంటినెల్, గ్రేట్ నికోబార్‌లలో ఉంటుంది. ఉద్దానం పల్లెల్లోనూ, తీరం వెంట మత్స్యకార పేటల్లోనూ అండమాన్‌కు వలస పోయిన చుట్టం లేని ఇల్లు తక్కువ, కాబట్టి అదేమీ మనకు పరాయి చోటు కాదు. ఈ పీత కూడా పిల్లల్ని సముద్రంలోనే వదలాలి. కానీ పెద్దయ్యాక నీళ్ళలో పడేస్తే ఊపిరాడక చస్తుంది. అరవై ఏళ్ళు దాటి బతకగలదు. మాంసం కోసం పెద్ద మగవాటినే ఏరి పడితే ఆడవాటికి సరిపడా వీర్యం దొరకదని జపాన్ ఒకినావాలో పరిశోధకులు హెచ్చరించారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దీనికి చోటుంది. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్పుల ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రాజెక్టు కోసం పీతలను మరో చోటికి మారుస్తామనే మాట నాకు రుచించదు. ఆడ పీతకు అడవి ఒక్కటే చాలదు, అక్కడి నుంచి నీళ్ళ దాకా దారి కూడా కావాలి.

తల్లులు పోతే జాతి తట్టుకోలేదన్న లెక్కే మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకూ వర్తిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా అవి గుడ్లు పెట్టడానికి మన ఇసుక ఒడ్డుకు వస్తాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లు ఏరి హేచరీల్లో పొదిగిస్తాయి. పిల్లల్ని వదిలే రోజు స్కూలు పిల్లలు వస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది. మంచి పనే, కాదనను. అవే నెలల్లో, అదే ఒడ్డుకు, వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్ళు కొట్టుకొస్తాయి. తాబేలు కూడా పదేళ్ళు దాటితే గానీ గుడ్లు పెట్టదు. బోటు ఈడ్చే ట్రాల్ వలకు తాబేలు తప్పించుకునే తలుపు పెట్టొచ్చు, దాన్ని టెడ్ అంటారు. దాంతో పాటు కొంత చేపా జారిపోతుందని బోటు వాళ్ళ బాధ, అదీ అబద్ధం కాదు. ఆ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా తలుపు పెట్టమంటే పెట్టరు. ఇక తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. అప్పటికి తల్లి తాబేళ్ళలో చాలావరకు వచ్చి వెళ్ళిపోయి ఉంటాయి.