ఏటీఎం ఉంది, డబ్బుల్లేవు: బెజవాడ, గుంటూరు ఖాతాదారుల కష్టం ఎక్కడ మొదలైంది?

విజయవాడలో ఎవరిని కదిలించినా ఏటీఎంల మీద ఇవే ఫిర్యాదులు: డబ్బుల్లేవు, అన్నీ ఐదు వందల నోట్లే వచ్చాయి, అకౌంట్లో కట్ అయింది కానీ చేతికి రాలేదు. సింగ్‌నగర్, పాయకాపురం లోపలి వీధుల వాళ్లయితే ఇంకోటి కూడా చెప్తారు, దగ్గర్లో అసలు మిషనే లేదని. బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ ఇబ్బంది తెలియదు. ఇవన్నీ మిషన్ల మొరాయింపు వల్ల వచ్చిన తిప్పలేనని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. మిషన్‌ను ఎక్కడ పెట్టాలి, అందులో డబ్బు ఎవరు నింపాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న విషయాల్లో ఇన్నేళ్లుగా జరిగిన నిర్ణయాలే వీటికి మూలం.

దేశంలో మొదటి ఏటీఎం 1987లో బొంబాయిలో వచ్చింది, పెట్టింది హెచ్‌ఎస్‌బీసీ. మన ఊళ్లలో వాడకం పెరిగిన తొలి రోజుల్లో ఏ బ్యాంకు కార్డు ఆ బ్యాంకు మిషన్‌కే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకులో కృష్ణా, గుంటూరు జిల్లాల కుటుంబాలకు ఖాతాలు చాలానే ఉండేవి. వాళ్లు ఆంధ్రా బ్యాంకు ఏటీఎం వెతుక్కుంటూ వెళ్లాల్సిందే. అది మారింది 2004లో. హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను మొదలుపెట్టి బ్యాంకుల మిషన్లను ఒకదానితో ఒకటి కలిపింది. 2009 ఏప్రిల్ 1 నుంచి ఏ బ్యాంకు ఏటీఎంలో తీసినా ఛార్జీ లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ వెసులుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడాది అక్టోబరు నుంచి వేరే బ్యాంకు మిషన్‌లో నెలకు ఐదుసార్లే ఉచితం, ఒకసారికి పది వేలే పరిమితి.

పరిమితి ఉన్నా, ఏ బ్యాంకు మిషన్‌లోనైనా డబ్బు తీసుకోగలగడం ఖాతాదారుడికి నిజంగా మేలు చేసింది. అయితే దీంతోపాటే లెక్క కూడా మారింది. మన కార్డు వేరే బ్యాంకు మిషన్‌లో పెడితే, మన బ్యాంకు ఆ బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ ఫీజు కట్టాలి. అంటే కార్డు పెట్టేవాళ్లు ఎంత ఎక్కువైతే మిషన్‌కు అంత ఆదాయం. తర్వాత బ్యాంకులు మిషన్ల బాధ్యతను ప్రైవేటు సర్వీసు కంపెనీలకు అప్పగించడం పెరిగింది. మిషన్ కొనడం, గది అద్దెకు తీసుకోవడం, ఏసీ, కరెంటు, లింకు చూసుకోవడం కంపెనీ పని. చాలా ఒప్పందాల్లో దానికి డబ్బు వచ్చేది లావాదేవీల లెక్కన. అలాంటి కంపెనీ ఏ చోటు చూసుకుంటుంది? బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, బస్టాండు, రైల్వే స్టేషన్. గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం. నడవలేని పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న కాలనీ ఆ లెక్కలోకి రాదు.

ఈ లోటు తీర్చడానికే 2012లో రిజర్వ్ బ్యాంకు వైట్ లేబుల్ ఏటీఎంలకు దారి తెరిచింది. బ్యాంకులు కాని కంపెనీలు సొంత మిషన్లు పెట్టుకోవచ్చు, కానీ చిన్న ఊళ్లలో ఇన్ని ఉండాలని నిష్పత్తి పెట్టింది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ వర్గీకరణకు ఆధారం ఊరి జనాభా. లక్ష దాటిన ఊరేదైనా మొదటి శ్రేణే. 2011 లెక్కల్లో పది లక్షలు దాటిన విజయవాడ మొత్తం ఒకే గాటన పడింది. బెంజి సర్కిల్‌లో పదో మిషన్ పెట్టినా, పాయకాపురంలో మొదటిది పెట్టినా నిబంధనకు తేడా లేదు. నగరం లోపలి దూరాలను కొలిచే నియమం అందులో లేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. కొత్త రెండు వేలు, ఐదు వందల నోట్ల సైజు పాత వాటికి సరిపోదు, కాబట్టి మిషన్ లోపల నోట్లు పెట్టే క్యాసెట్లను సరిచేయాలి. దేశమంతటా ఒక్కో మిషన్ దగ్గరికీ టెక్నీషియన్ వెళ్లి చేయాల్సిన పని అది. మొదట కార్డుకు రోజుకు రెండు వేలు, తర్వాత రెండున్నర వేలు మాత్రమే ఇచ్చారు. 2017 ఆగస్టులో రెండు వందల నోటు వచ్చేసరికి మళ్లీ అదే పని.

అది పూర్తిగా కుదురుకోకముందే 2018 ఏప్రిల్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మధ్యప్రదేశ్, బిహార్‌లలో నగదుకు అసాధారణంగా గిరాకీ పెరిగిందని కేంద్రం చెప్పింది. నోట్ల కొరత లేదనీ, కొన్నిచోట్ల మిషన్లలో నింపడంలో, క్యాసెట్లు మార్చడంలో ఇబ్బందులు ఉండొచ్చనీ రిజర్వ్ బ్యాంకు వివరణ. ఆ నెలల్లోనే గుంటూరు మిర్చి యార్డు సీజన్ జోరు మీద ఉంటుంది. రైతులు, హమాలీలు, లారీల వాళ్లు అందరి చేతుల్లో నగదు తిరగాల్సిన కాలం. పైగా, దివాలా తీసే బ్యాంకుల వ్యవహారం తేల్చడానికి కేంద్రం తెచ్చిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లుతో బ్యాంకులో వేసిన డిపాజిట్‌కే ముప్పు వస్తుందన్న భయం జనంలో పాకింది. ఆ బిల్లును కేంద్రం 2018 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. కానీ ఈలోగా ఒక అలవాటు పడిపోయింది: రేపు ఉంటాయో లేదో అని రెండు వేలు కావాల్సిన మనిషి పది వేలు తీస్తాడు, మిషన్ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. దూరం కంటే ఈ అపనమ్మకమే ఖాతాదారుణ్ణి ఎక్కువ బాధిస్తుంది. కాస్త నడిచినా డబ్బు ఖాయంగా దొరుకుతుందంటే మనవాళ్లు సర్దుకుపోతారు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. 2013 నవంబరులో బెంగళూరు ఏటీఎంలో ఒక మహిళపై జరిగిన దాడి తర్వాత భద్రత కోసం ఖర్చు పెట్టాలన్న ఒత్తిడి పెరిగింది. 2018లో కేంద్ర హోంశాఖ, పట్టణాల్లో రాత్రి తొమ్మిది దాటాక డబ్బు నింపకూడదని నియమం తెచ్చింది. సిబ్బంది ప్రాణాల కోసం అది అవసరమే. కానీ శనివారం రాత్రి ఖాళీ అయిన మిషన్ తెల్లవారి వ్యాన్ వచ్చేదాకా ఖాళీగానే ఉంటుంది. తర్వాత 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకులు కలిసినప్పుడు ఒకే వీధిలో రెండు మిషన్లెందుకన్న ప్రశ్న వస్తుంది.

2021 అక్టోబరు 1 నుంచి, నెలలో మొత్తం పది గంటలకు మించి నగదు లేకపోతే మిషన్‌కు పది వేల రూపాయల జరిమానా అని రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. ఇది ఖాతాదారుడి వైపు నిలబడిన నిర్ణయం, సంతోషించాల్సిందే. కాకపోతే అది లెక్కగట్టేది నగదు లేని గంటలనే. లింకు పోయి ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ అని పడే గంటలు అందులో లేవు. మిషన్ ముందు నిలబడ్డవాడికి రెండూ ఒకటే కదా!

ఫోన్ పే, గూగుల్ పే వచ్చాక ఏటీఎంతో పనేముందని కొందరంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. చేతిలో ఉన్న నోటే పనికొచ్చింది. మామూలు రోజుల్లో కూడా రైతుబజారులో ఐదు వందల నోటు ఇస్తే చిల్లర కోసం తిరగాలి. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆ సెప్టెంబరు నాటికి 75 శాతం, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్‌లో వంద లేదా రెండు వందల నోట్లు ఉండాలి. 2025 మే నుంచి ఉచిత పరిమితి దాటితే ఒక్కోసారికి 23 రూపాయల దాకా ఛార్జీ వేయొచ్చు. వేరే బ్యాంకు మిషన్లలో హైదరాబాద్ లాంటి మెట్రోల్లో మూడుసార్లు, విజయవాడ, గుంటూరుల్లో ఐదుసార్లు ఉచితం.

డబ్బు రాకుండానే కట్ అయినప్పటి టెన్షన్‌కు మాత్రం నియమాలు ఏటికేడు మెరుగయ్యాయి. 2009లో బ్యాంకుకు 12 పని దినాల గడువు ఉండేది, 2011లో ఏడుకు తగ్గింది. 2019 అక్టోబరు నుంచి, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతట అదే ఖాతాలో పడాలి, ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు వంద రూపాయలు ఇవ్వాలి. ఆ వంద కోసం ఖాతాదారుడు అర్జీ పెట్టాల్సిన పని లేదు. బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలు అడగడానికి నంబరు 14448.