ఇనుప బీరువాలో ఏం మిగులుతుంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివరి ఇంటికి కొన్నేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం నిప్పంటుకుంది. మంటలు ఆరాక, గోడవారగా నిలబడే ఉన్న ఇనుప బీరువాను చూసి ఇంటివారికి ప్రాణం లేచివచ్చింది. పైరంగు పొక్కులెక్కిందే గాని తలుపు వంకర పోలేదు, తాళం చెడలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న పిడిని తడిగుడ్డతో పట్టుకుని తలుపు తీశారు. పై అరలో కాగితాల కట్ట కమిలి గోధుమరంగుకు తిరిగి ఉంది గాని, మీది కాగితం మీద అక్షరాలు ఇంకా చదవవచ్చు. రెండు క్షణాలు అలా కనిపించి, అందరి కళ్ళ ముందే ఆ కట్ట భగ్గుమంది.

కాగితం అంటుకోవడానికి సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడి మూసిన బీరువా లోపలికి ఎప్పుడో చేరిపోయింది. కాని అక్కడ ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువు చాలక కాగితం మండకుండా మాడుతూ ఊరుకుంది. తలుపు తియ్యగానే లోపలికి దూరిన కొత్త గాలి ఆ కొరతను తీర్చింది. బీరువా చేతికి పూర్తిగా చల్లగా తగిలేదాకా, ఒక్కోసారి మర్నాటిదాకా కూడా, దాన్ని తెరవకుండా ఆగి ఉంటే కొన్ని కాగితాలైనా దక్కేవి. ఈ సంగతి ఆనాడు ఆ గుంపులో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

మన ఇళ్ళలో బీరువాను అన్ని ఆపదలకూ విరుగుడుగా చూస్తాం గాని, నిజానికి దాన్ని చేసింది దొంగ కోసం. మిల్లీమీటరుకు అటూ ఇటూగా మందముండే ఉక్కు రేకు పలుగుపోటును కాసేపు ఆపగలదు. వేడిని మాత్రం బయటినుంచి తీసుకుని లోపలికి నేరుగా అందిస్తుంది. అగ్నిపరీక్షలకు అంతర్జాతీయంగా వాడే ప్రామాణిక రేఖ ప్రకారం కొలిమి వేడి 5 నిమిషాలలో 576 డిగ్రీలకు, అరగంటలో 842 డిగ్రీలకు, గంటకు 945 డిగ్రీలకు చేరుతుంది. ఇంటి మంట అచ్చం ఈ లెక్కన పెరగకపోవచ్చు, కాని తలుపులూ పరుపులూ చీరలూ నిండిన గది ఎంత త్వరగా కొలిమి అవుతుందో ఈ అంకెలు చెబుతాయి.

ఈ వేడికి ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క తీరుగా లొంగుతుంది. మేలిమి బంగారం 1064 డిగ్రీలకు, వెండి 962 డిగ్రీలకు కరుగుతాయి కనుక నగలు తరచు బూడిదలో దొరుకుతాయి. నగిషీ పోయి ముద్ద అయినా తూకానికి పనికివస్తాయి. వాటికన్నా ముందు వాటి టంకం వదులుతుంది. లక్క నింపిన గాజుల్లో లక్క వంద డిగ్రీల లోపే కారిపోతుంది. ముత్యం, పగడం సున్నపు జాతివి, పైగా ముత్యంలో జాంతవ పదార్థం కూడా ఉంటుంది. అవి మంటకు తట్టుకోవు. నోట్ల కట్టలు అంచులు మాడి ఒకదానికొకటి అతుక్కుపోతే వాటిని విడదియ్యబోకూడదు. మాడి పెళుసెక్కిన, విడదీయరాని నోట్లను బ్యాంకు శాఖలు మార్చవు. రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయంలోనే ఇచ్చుకోవాలి. అక్కడ మిగిలిన భాగం ఎంతో చూసి చెల్లిస్తారు కనుక, రాలిన ముక్కలతో సహా డబ్బాలో మెత్తగా పెట్టి తీసుకువెళ్ళడం మేలు. ఇక హార్డ్ డిస్కు సంగతి వేరు. ఆపి ఉంచిన డిస్కు సాధారణంగా 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని తయారీదారులు చెబుతారు. అంటే కాగితం ఇంకా తెల్లగా ఉండగానే డిస్కు పని అయిపోతుంది.

నిప్పును తట్టుకునే పెట్టెలో ఉన్న కిటుకు మన వంటింట్లోనిదే. గిన్నెలో నీళ్ళున్నంతసేపు అన్నం మాడదు. పొయ్యి ఎంత ఎగదోసినా ఆ వేడి నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది, గిన్నె లోపల వంద డిగ్రీలు దాటదు. నీళ్ళు ఇగిరిపోయాకే అడుగంటుతుంది. అగ్నినిరోధక పెట్టెల గోడల్లో ఉక్కు రేకుల మధ్య జిప్సం వంటి పదార్థం నింపుతారు. చూడడానికి పొడిగా ఉండే ఈ రాతిలో బరువుకు సుమారు 21 శాతం నీరు స్ఫటికంలో ఇమిడి ఉంటుంది. పది కిలోల జిప్సంలో రెండు లీటర్ల నీళ్ళు దాగి ఉన్నాయన్నమాట. వేడి తగిలినప్పుడు ఆ నీరు విడివడి ఆవిరవుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న నీటిని మరిగించడానికి పట్టే వేడికి ఏడెనిమిది రెట్ల వేడి ఆ మరిగిన నీటిని ఆవిరి చెయ్యడానికి పడుతుంది. ఆ వేడినంతా గోడ మింగేస్తున్నంతసేపు లోపలి కాగితం బతికి ఉంటుంది. పెట్టె మీద అరగంట అనో గంట అనో రాసేది ఈ నీటి ఆయుష్షునే.

కొనేవారు తికమకపడే చోటు ఇంకొకటుంది. అమెరికాలోని అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ అనే భద్రతా పరీక్షల సంస్థ పెట్టిన ప్రమాణం ఈ పెట్టెలను 350, 150, 125 అనే తరగతులుగా విభజిస్తుంది. ఇవి పరీక్షలో లోపలి వేడి దాటకూడని ఫారెన్‌హీట్ అంకెలు. మన లెక్కలో వరుసగా 177, 66, 52 డిగ్రీలు. సంఖ్య పెద్దదైతే పెట్టె గట్టిదనుకుని 350ని ఏరుకోవడం సహజమే, కాని అది కాగితాలకు మాత్రమే చాలుతుంది. పైగా జిప్సం వదిలిన ఆవిరిలో కొంత లోపలికీ చేరుతుంది. ఆ ఉక్కపోత కాగితాన్ని కాపాడుతుంది, డిస్కును చంపుతుంది. 125 తరగతిలో వేడితోపాటు లోపలి తేమ కూడా 80 శాతం మించకూడదని నిబంధన పెట్టింది అందుకే. దస్తావేజుల పెట్టెలోనే పెన్‌డ్రైవును కూడా పడేసి నిశ్చింతగా ఉండడం కుదరదు. ఫోన్లు, పవర్ బ్యాంకులు వంటి బ్యాటరీ ఉన్నవాటిని ఆ పెట్టెలో అసలే పెట్టకూడదు. వేడెక్కిన లిథియం బ్యాటరీ లోపలినుంచే నిప్పు పెడుతుంది. ఇలాంటి పెట్టెల్లో మామూలు రోజుల్లోనూ కాస్త చెమ్మ ఊరుతుంది కనుక నెలకు రెండుసార్లు తెరిచి గాలి తగలనివ్వాలి, సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ ఉండాలి.

ఇంతవరకూ నిప్పు మాట. మా ప్రాంతానికి నీటి బాధ కూడా ఉంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరందాటి గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలను అతలాకుతలం చేసింది. మా ఊరి పక్కనే పారే మహేంద్రతనయ, గుణుపురం మీదుగా దిగే వంశధార ఆ రోజుల్లో ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నీళ్ళు వస్తాయంటే చాలు, మా అత్తగారు ట్రంకుపెట్టెను అటక ఎక్కించేవారు. వరదకు అది సరైన తెలివి. నిప్పుకు మాత్రం అంతకన్నా చెడ్డ చోటు లేదు. గది మండుతున్నప్పుడు వేడి వాయువులు పైకెగసి ముందు కప్పు కింద పేరుకుంటాయి. నేల మీద మనిషి పాకుతూ బయటపడగలిగే సమయానికే అటక మీద కొన్ని వందల డిగ్రీలుంటుంది. ఆపైన పెంకుటింటి తాటివాసాలు కూలితే ముందు పడేది అటక మీదే. నిప్పు నేలకు దగ్గరగా పెట్టమంటుంది, నీరు ఎత్తుకు ఎక్కించమంటుంది. ఒకే ఇంట్లో ఒకే చోటు రెండింటికీ సరిపోదు. నిప్పు భయం ఏడాది పొడుగునా ఉంటుంది గనుక, వరద భయం రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది గనుక, పెట్టెను కింద ఉంచి, తుపాను హెచ్చరిక వినగానే లోపలి కట్టను పైకి తియ్యడమే నాకు తోచిన మధ్యేమార్గం.

తడిసినవాటిని చూసి కంగారు పడేవారే ఎక్కువ. తడిసిన కాగితాలకు రెండు రోజుల్లో బూజు పట్టవచ్చు. ఆలోగా వాటిని నీడలో గాలికి ఆరబెట్టాలి, ఎండలో కాదు. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టే వీలు లేకపోతే పలచటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తీరిక చూసుకుని కొన్ని కొన్నిగా ఆరబెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలను పొడిగా లాగితే బొమ్మ ఊడివస్తుంది. శుభ్రమైన చల్లని నీళ్ళలో నాననిచ్చి మెల్లగా విడదియ్యాలి. తడిసిన హార్డ్ డిస్కును పనిచేస్తుందో లేదో చూద్దామని కరెంటు పెట్టడమే దానికి చేసే పెద్ద కీడు. తిరిగే పళ్ళేనికీ దాన్ని చదివే ములుకుకూ మధ్య ఎడం నానోమీటర్లలో ఉంటుంది. ఆ సందులో బురద రేణువు ఒక కొండరాయితో సమానం.

ఇంతకీ ఏది కాపాడుకోవాలి? మా ఇంట్లో 1936కు ముందటి దస్తావేజులు తెలుగులో ఉన్నాయి. ఆ ఏడు ఏప్రిల్ 1న పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిసిన తరువాతి పట్టాలు ఒడియాలో ఉన్నాయి. నాన్నగారు ఆ కట్టను దేవుడి పటంలాగా చూసేవారు. కాని రిజిస్టరైన దస్తావేజు పోతే రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకృత నకలు తీసుకునే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. చదువు పత్రాలను బోర్డు వారు మళ్ళీ ఇస్తారు. ఆధార్ వంటివాటికి 2015 నుంచి డిజిలాకర్ ఉంది. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి తిరుగుడు పడుతుంది, అంతే. రిజిస్టరు చెయ్యని పారీఖత్తు (ఆస్తి పంపకాల కాగితం), ఇంట్లోనే రాసుకున్న వీలునామా, తాతగారి ఉత్తరాలు, పెళ్ళినాటి ఫోటో మాత్రం లోకంలో ఒకే ప్రతిగా ఉన్నాయి. విలువ అంటే బంగారమని, భూమి అని లెక్కవేసుకునే మనం ఈ వరుసను తలకిందులు చేసుకోవలసి ఉంది.

బంగారానికి బ్యాంకు లాకరుందిగా అనేవారు ఒక సంగతి గమనించాలి. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం వంటివాటిలో తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు బ్యాంకు బాధ్యత ఏటి అద్దెకు వంద రెట్ల వరకే. రెండు వేలు అద్దె కడుతున్నవారికి అది రెండు లక్షలు. వరద, పిడుగు వంటి దైవోపద్రవాలకు ఆ బాధ్యత కూడా లేదు.

డేటాకు బంగారానికి లేని సౌకర్యం ఒకటుంది: ఎన్ని ప్రతులు తీసినా ప్రతి ఒక్కటీ అసలుతో సమానమే. తాటాకు ఎలాగూ పురుగుపాలవుతుందని తెలిసిన మన పూర్వులు గ్రంథాలను ఊరూరా ఎత్తి రాయించారు. ఒక ఇంట్లో తగలబడినది మరో ఇంటి అటక మీద మిగిలింది. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన మూడు, రెండు, ఒకటి లెక్క కూడా ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఈ మూడింటిలో చివరిదే ప్రాణం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రానికి లిథియం బ్యాటరీల వల్ల నిప్పంటుకున్నప్పుడు, ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల దస్త్రాలు నాశనమయ్యాయి. ఆ వ్యవస్థకు బయట మరో ప్రతి లేదు. అంత సాంకేతిక సంపద ఉన్న దేశానికే తప్పనిది, డిస్కునూ కంప్యూటరునూ ఒకే బల్ల మీద పెట్టుకునే మనకు తప్పుతుందా?

ఫోన్లోని ఫోటోలు వాటంతటవే క్లౌడ్‌కు వెళుతున్నాయి గదా అని ఊరుకోవడం కూడా చాలదు. అది చాలావరకు అద్దంలాంటిది; ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు విద్యుదావేశంగా సమాచారాన్ని పట్టి ఉంచుతాయి. ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారుతూ ఉంటుంది, వేడి చోట ఇంకా త్వరగా. మా ఎండాకాలంలో రేకు పెట్టెలో పడేసిన పెన్‌డ్రైవును పదేళ్ళ తరువాత నమ్మకంగా తీసుకోలేం. వేరే చోట ఉంచే ప్రతికి సంకేతపదంతో తాళం వెయ్యాలి, ఆ సంకేతపదం ఆ డిస్కు మీదే రాసి అంటించకూడదు. ఈ రెండో పని చేసినవారు మా చుట్టాల్లోనే ఉన్నారు.

వేరే చోటు అంటే ఎంత దూరం? టెక్కలిలోనో పలాసలోనో ఉన్న వియ్యాలవారి ఇల్లు నిప్పుకు చాలు, తుపానుకు చాలదు. తిత్లీ నాడు మా ఊరూ ఆ ఊళ్ళూ ఒకే చీకట్లో ఉన్నాయి. మా రెండో డిస్కు కోరాపుట్ కొండల మీది జయపురంలో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. మొదట్లో దసరాకు వచ్చేటప్పుడు వాడు పాతది తెచ్చి కొత్తది పట్టుకువెళ్ళేవాడు. మూడు తుపానులూ అక్టోబరులోనే వచ్చాయి గనుక ఇప్పుడు ఆ మార్పిడిని వినాయక చవితికి మార్చుకున్నాం. పోయిన చవితికి వాడు తెచ్చిన డిస్కును తగిలించి వరసగా ఫైళ్ళు తెరిచి చూస్తే, మా నాయనమ్మ సవర గిరిజనులతో సంతబేరం ఎలా ఆడేదో చెబుతుండగా రికార్డు చేసిన ఒక ఆడియో సగంలో ఆగిపోయింది. ఇంట్లో ఉన్న ప్రతిలో అది పూర్తిగా వినిపించింది. ఆ సాయంత్రమే మళ్ళీ ఎక్కించి, కొత్త డిస్కులో చివరిదాకా విన్న తరువాతే తమ్ముడి సంచిలో పెట్టాం.