“లోపలి పని అయిపోయింది, కాస్త లుక్ ఇవ్వండి”: హెన్రీ డ్రైఫస్ గురించి అపోహలు - వాస్తవాలు

ప్రొడక్ట్ డిజైన్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట అలవాటే. ఈమధ్య దానికి పాతతరం అమెరికా డిజైనర్ హెన్రీ డ్రైఫస్‌ని సాక్ష్యం కూడా తెస్తున్నారు: “డ్రైఫస్ చేసిందీ అదే కదండీ, ఫోనుకు అందమైన డబ్బా తొడిగాడు.” ఎవరో వీడియోలో చెప్పారట.

అపోహ: డిజైనర్ పని చివర్లో మొదలవుతుంది.

వాస్తవం: జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. 1930 ప్రాంతంలో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ కొందరు కళాకారులను పిలిచి, రాబోయే టెలిఫోన్ ఎలా ఉండాలో బొమ్మ గీసిస్తే 1000 డాలర్లు ఇస్తామంది. డ్రైఫస్ అప్పటికి ముప్పై కూడా నిండని కుర్రాడు, నాటకాలకు సెట్టింగులు వేసి వచ్చినవాడు. ఆ డబ్బు వద్దన్నాడు. మీ ఇంజనీర్లతో కూర్చుని లోపలినుంచి బయటికి పని చేసుకుంటూ వస్తే తప్ప ఫోన్ కుదరదన్నాడు. అలాగైతే కళాదృష్టికి సంకెళ్లు పడతాయని వాళ్లు ఒప్పుకోలేదు. తీరా మిగతావాళ్ల బొమ్మలు పనికి రాకపోయేసరికి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చారు. రిపేరు మనిషి వెంట సహాయకుడిలా ఇళ్లకు వెళ్లి, జనం ఫోన్‌ని ఎలా వాడుతున్నారో కళ్లారా చూశాడాయన. 1937లో మోడల్ 302 అనే ఫోన్ బయటికొచ్చింది.

1949 నాటి మోడల్ 500 ఇంకా మంచి పాఠం. అందులో అంకెలను, వేలు పెట్టి తిప్పే డయల్ రంధ్రాల కిందనుంచి బయటి అంచుకు జరిపారు. చూడ్డానికి బాగుంది, కానీ డయల్ చేసే వేగం తగ్గింది. వేలు పెట్టాల్సిన చోట కంటికి గురి లేకుండా పోయింది మరి. బెల్ ల్యాబ్స్‌లోని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కార్లిన్ సలహాతో ఒక్కో రంధ్రం కింద తెల్ల చుక్క పెట్టారు, వేగం తిరిగొచ్చింది. ఆ చుక్క అలంకారం కాదు.

మా దగ్గరికి ఒకాయన చేత్తో పట్టుకునే మీటర్ తెచ్చారు. దాని డబ్బా పోతపోసే అచ్చు, అదే మోల్డ్, కూడా కోయించేశారు. పట్టుకుని చూస్తే బటన్ బొటనవేలికి అందదు, రెండో చెయ్యి వాడాల్సిందే. “రబ్బరు గ్రిప్ వేసి రంగు మారిస్తే?” అన్నారు. బటన్ ఉన్న చోటు సర్క్యూట్ బోర్డులోనే ఖాయమైపోయింది, రంగేం చేస్తుంది? బోర్డు మారిస్తే మోల్డ్ మారుతుంది. ఆ సంగతి చెప్తుంటే ఆయన ముఖం పాలిపోయింది. ఇలా మోల్డ్ దాకా ఖర్చు పెట్టేసి వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. “డిజైనర్‌ని చివర్లో పిలిస్తే ఖర్చు కలిసొస్తుంది” అని వాళ్ల చెవిలో ఊదేవాళ్ల మీదే నా చిరాకంతా. టెన్షన్ పడకండి, బోర్డు లేఅవుట్ ఖాయం కాకముందు ఫోమ్ ముక్క చెక్కి నలుగురి చేతుల్లో పెట్టి చూడండి. దానికయ్యే ఖర్చు మోల్డ్ ముందు లెక్కలోకే రాదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

అంతా డ్రైఫస్ ఒక్కడే చేశాడా? లేదు. మోడల్ 302లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ 1931 నాటి ఫోన్ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. దానికి రూపమిచ్చింది నార్వే చిత్రకారుడు జాన్ హైబర్గ్. ‘జో’, ‘జోసెఫీన్’ అనే మనిషి కొలతల పటాలు గీసింది డ్రైఫస్ ఆఫీసులోని ఆల్విన్ టిల్లీ.

ఆ పటాలు సగటు మనిషి కోసమా? కాదు. బాగా పొట్టివాళ్ల, బాగా పొడుగువాళ్ల కొలతలూ వాటిలో ఉన్నాయి.

గుండ్రటి థర్మోస్టాట్ (గది వేడిని అదుపు చేసే, గోడకు బిగించే పరికరం) గీయడం ఒక పూట పనా? దాన్ని తయారుచేసిన హనీవెల్ కంపెనీలో ఆ పని 1940లలో మొదలైతే సరుకు అమ్మకానికి వచ్చింది 1953లో.

“నాకు బొమ్మలు బాగా రావు, ఈ ఫీల్డ్ పనికొస్తుందా?” అని దిగులుగా అడిగే పిల్లలకు అయోవా రాష్ట్రంలోని సూ సిటీ థియేటర్ కథ చెప్తుంటాను. టికెట్ ధర తగ్గించినా అక్కడికి జనం రాలేదు. డ్రైఫస్ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి వాళ్ల మాటలు విన్నాడు. రైతులు, కూలీలు తమ బూట్ల మట్టితో ఆ ఖరీదైన ఎర్ర కార్పెట్ పాడవుతుందని జంకుతున్నారు. కార్పెట్ తీయించి మామూలు రబ్బరు మ్యాట్ వేయించాడు. హాలు నిండింది.